పసుపు – క్యాన్సరు కణం

రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద మంజీర, హరిద్ర అను రెండు నదులు గోదావరిలో కలుస్తున్నవి. హరిద్ర అనగా పసుపు. నదికి ఆ పేరెట్లు వచ్చినదో విచారించుట మా పని కాదు గాని, ఈ సీమకు అది తగిన పేరే. ఒకనాడు బోధన్ చెరకుకు పేరుమోసినది; నిజామాబాదు గంజ్ నేటికీ పసుపుకు ప్రసిద్ధం. జాతీయ పసుపు బోర్డు సైతం 2025 జనవరిలో ఈ పట్టణంలోనే ప్రారంభమైనది. అందుచేత కాబోలు, పసుపు తింటే క్యాన్సరు పోతుందట, నిజమేనా అని ఇక్కడి శ్రోతలు మమ్ములను తరచు అడుగుతుంటారు.

ఆ మాటకు మూలం లేకపోలేదు. అది తెలియవలెనంటే ముందు కణాల చావును గురించి కొంత చెప్పుకోవలెను. కణం గాయపడి చచ్చుట వేరు. వేళకు తనంత తాను తొలగిపోవుట వేరు. తల్లి గర్భంలో శిశువు చేయి మొదట తెడ్డువలె ఉంటుంది. వేళ్ల నడుమనున్న కణాలు క్రమంగా చచ్చిపోగా వేళ్లు విడివడుతవి. 1972లో కెర్, విల్లీ, కరీ అను శాస్త్రజ్ఞులు ఈ విధమైన మరణానికి ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టినారు. గ్రీకు భాషలో ఆకు రాలుట అని దాని అర్థం, చక్కని పేరు. ఇట్లు చచ్చే కణం పగిలి చుట్టుపక్కల వాపు తేదు. ముడుచుకొని, తునకలై, ఇతర కణాలకు ఆహారమవుతుంది.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల నుండి సైటోక్రోమ్-సి అను ప్రోటీను వెలువడుట దీనికొక సంకేతం. దానితో కాస్పేసులు అను ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుండి కోసివేస్తవి. పెక్కు క్యాన్సరు కణాలు బిసిఎల్-2 వంటి ప్రోటీన్లను అతిగా పెంచుకొని ఆ సంకేతం వెలువడే దారిని మూసివేస్తవి. చావవలసిన వేళ చావవు.

పసుపుకు రంగునిచ్చేది కర్క్యుమిన్. 1815లో దానిని వేరుచేసినారు. గాజు పాత్రలో పెంచిన క్యాన్సరు కణాలకు దానిని అందించగా, బిసిఎల్-2 తగ్గి, మూసిన దారి తెరచుకొని, కణాలు అపోప్టోసిస్‌కు లోనగుట అనేక ప్రయోగశాలలలో కనిపించినది.

అయితే గాజు పాత్ర వేరు, మనిషి వేరు. పేగులు కర్క్యుమిన్‌ను పీల్చుకొనేది బహు స్వల్పం. పీల్చుకొన్నదానినైనా దేహం త్వరగా మార్చి పంపివేస్తుంది. అమెరికాలో క్లోమ క్యాన్సరు రోగులకు దినానికి 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూచిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడినవి. ఎండుపసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లు గనుక, అంత కావలెనంటే రోజుకు పావు కిలోకు పైగా పసుపు మింగవలెను! అయినను రక్తంలోకి చేరినది నామమాత్రం. ఇద్దరు రోగులలో మాత్రమే కొంత ఫలం కనిపించినది.

మొక్కలలో మందు లేదని మేము అనుట లేదు. పెరటి బిళ్లగన్నేరు నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్ అమెరికాలో 1963లోనే వాడుకకు వచ్చినది. పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందు. విభజన సమయంలో క్రోమోజోములను చెరొక వైపుకు లాగే సన్నని నాళికలు ఏర్పడకుండా అది అడ్డుపడుతుంది. నడుమ చిక్కుకొన్న కణం చివరకు అపోప్టోసిస్‌తో నశిస్తుంది. అంతమాత్రాన ఆకు నమలరాదు సుమా! శుద్ధిచేసి, మిల్లిగ్రాములలో కొలిచి, వైద్యులు రక్తనాళంలోకి ఎక్కించే మందు అది. మోతాదు మించితే ప్రాణం తీస్తుంది.

కణితి చిన్నదిగా ఉన్నప్పుడే హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికో, మరొక ఆసుపత్రికో వెళ్లవలసినవారు పసుపు ముద్దలతో నెలలు గడిపితే, ఆ నెలలు కణితికి లాభం. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. కర్క్యుమిన్ గుళికల సంగతి మాత్రం వైద్యునికి తప్పక చెప్పవలెను. 2002లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, రొమ్ము క్యాన్సరు మందుల వలన చావవలసిన కణాలను ఆ కర్క్యుమినే చావకుండా కాపాడినది.