కలివికోడి

కలివిపొద నెఱుగని పిల్లవాడు రాయలసీమలో నుండడు. నల్లగ మాగిన దాని చిఱుపండ్లకై చేయి సాచి ముండ్లచే గీచుకొనినవారు మాలోను గలరు. ఆ పొదల మాటున నుండునది కావుననే యీ పక్షికి కలివికోడి యని పేరు వచ్చినది. ఈ పక్షి భారతదేశమున దప్ప మఱి యే దేశమునను లేదు. మనదేశమునను నేటి కాలమున దాని జాడ దొరకిన తావు కడప మండలములోని లంకమల కొండల చెంతనున్న చిట్టడవి యొక్కటియే. ఇట్టి పక్షిని గూర్చి మన విద్యార్థులు తెలిసికొనుట యుక్తమని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

కలివికోడి పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. పేరునకు కోడియే కాని కోడిజాతికి చెందినది కాదు. తీతువునకు దూరపు బంధువు. వీపు మట్టిరంగు. కంఠమున నారింజవన్నె మచ్చ యొకటి గలదు. ఱొమ్మున రెండు పట్టెలు హారములవలె నుండును. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరునకు రెండు హారములు గలది యనియే యర్థము. చెదపురుగులను చీమలను తిని జీవించును. పగలెల్ల కదలక పొదలలో నొదిగియుండి, ప్రొద్దు క్రుంకిన పిమ్మట నాహారమునకై వెడలును. ఈ యొక్క గుణమును చదువరులు గుర్తుంచుకొందురు గాక; తక్కిన కథ యంతయు దీనిమీదనే యాధారపడియున్నది.

చెన్నపట్టణపు ప్రభుత్వమున వైద్యుడుగా నుండి, నెల్లూరునందును కొంతకాలము పనిచేసిన జెర్డన్ దొరగారు ఈ పక్షిని మొట్టమొదట సేకరించిరి. 1848లో నిది శాస్త్రలోకమునకు తెలియవచ్చెను. అటుపిమ్మట అచ్చటచ్చట కొలదిమంది మాత్రమే చూచిరి. కడప, గుత్తి ప్రాంతములలో లండను మిషను పక్షమున సేవచేసిన కాంబెల్ దొరగారు 1900లో అనంతపురము దాపున దీనిని చూచిరి. ఆ దొరగారు సువార్త పనితోపాటు చెట్లను, సీతాకోకచిలుకలను, పక్షులను శ్రద్ధగా పరిశీలించినవారు. మిషను పాఠశాలకు చెందిన మాకు ఈ సంగతి విశేషముగ సంతోషము గలిగించుచున్నది. అయితే వారి తరువాత 86 ఏండ్లపాటు ఆ పక్షిని చూచితినని రూఢిగా చెప్పినవారు లేరు. పండితులు పలుమాఱు వెదకి విసిగిరి. ఇక నశించినదనియే పలువురు తలంచిరి. పూర్వపు పక్షిగ్రంథములలో దీనికి "అడవి ఉత్తతిత్తి" యను మఱియొక తెలుగు పేరు కానవచ్చును. ఉత్తతిత్తి యనగా వట్టిసంచి. వెదకబోయిన వారికందఱకు దక్కినదియు నదియే గదా!

బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు 1980 తరువాత మరల నీ ప్రయత్నమునకు పూనుకొనిరి. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్‌గారు కడప మండలమునకు వచ్చి, పక్షి చిత్తరువులను పల్లెవారికి చూపుచు తిరిగిరి. పగటివేళ వెదకిన పండితులకు కనబడని పక్షి, రాత్రివేళ నడవిలో మెలగు వేటగాండ్రకు క్రొత్తది కాదు. 1986 జనవరి నెలలో రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న యను వేటగాడు రాత్రివేళ దీపపు వెలుతురున కలివికోడిని గుర్తుపట్టి ప్రాణముతో పట్టి తెచ్చెను. అది కొలది దినములలోనే మరణించెను. దాని దేహమును సంఘమువారు భద్రపఱచిరి. ఒక పక్షి బ్రదికియున్నదని లోకమునకు తెలుపుటకు ఒక పక్షి ప్రాణము పోవుట విచారకరమే. ఐనను, ఐతన్నను నిందింప మాకు నోరాడదు. ఎనుబదియేండ్లు గ్రంథములు చెప్పజాలని దానిని అక్షరముల నెఱుగని యడవి విద్య చెప్పినది. పక్షిని పట్టు నేర్పే పక్షిని కాపాడుటకు తొలిమెట్టయ్యెను. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

కనబడని దానిని కాపాడుట యెట్లు? అది యెచ్చట మెలగునో ముందు తెలియవలెను. 2000 సంవత్సరము మొదలుకొని శాస్త్రజ్ఞులు ఒక యుపాయము పన్నిరి. పొదల నడుమ నేలను చదునుచేసి, మెత్తని మన్ను బద్దలుగా పఱచి, మఱునా డుదయమున వచ్చి అడుగుజాడలను పరీక్షించిరి. కలివికోడికి ముందువైపు మూడు వ్రేళ్లే గాని వెనుకవ్రేలు లేదు. సంజ చీకటియైన కొంతసేపటికి అది కొలదికాలము మాత్రమే కూయును. ఆ కూతను యంత్రమున పట్టి, దానినే మరల వినిపించి బదులు వచ్చునేమో యని చెవియొగ్గిరి. ఈ రీతిగా తెలిసినదేమనగా, ఆ పక్షికి దట్టమైన యడవియు పనికిరాదు, బయలును పనికిరాదు. పెద్దపొదలు ఎడమెడముగా నుండి నడుమ ఖాళీనేల యుండవలెను. కావున గొఱ్ఱెలకాపరిని శత్రువని తఱిమివేయుట తెలివి కాదు. మందలు మితముగ మేసినచో నడుమ నేల తెఱపిగా నుండును. మితిమీఱినచోను, కట్టెలకై పొదలు నఱికినచోను, యంత్రములతో దున్ని తోటలు వేసినచోను పక్షికి నిలువనీడ లేకపోవును.

2005లో మఱియొక గండము తటస్థించెను. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి నివాసముననే సాగెను. రాయలసీమలో నీటి విలువ మాకు తెలియనిది కాదు. కాలువ వలదని యెవ్వరనగలరు? శాస్త్రజ్ఞులును అట్లనలేదు. త్రోవ మార్చుడని మాత్రమే వేడిరి. పని నిలిచెను, కాలువ దారి మార్చబడెను, పక్షి వాసమునకై మఱికొంత భూమిని ప్రభుత్వము సేకరించెను. నీరును వచ్చెను, పొదలును నిలిచెను.

పక్షి మాత్రము మరల మఱుగుపడినది. 2009 ప్రాంతము తరువాత పెక్కేండ్లు దాని చూపు గాని కూత గాని రూఢిగ దొరకలేదు. ఉన్నవి కొలదియే యని మాత్రము అందఱు నెఱుగుదురు. 2025 ఆగష్టు నెలలో కొందఱు పక్షిప్రియులు మన యాంధ్రదేశముననే చీకటిలో దాని కూతను విని యంత్రమున పట్టిరి. కంటికి కనబడలేదు, వినబడినది.