ఇసుకకు కళ్ళెం

పిల్లలూ! కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున, దానవులపాడు అనే ఊరు ఉన్నది. పేరు వింటే దానవులు కాపురమున్న ఊరేమో అనిపిస్తుంది కదూ! కాని ఒకప్పుడు అక్కడ పూజలందుకున్నవారు జైన తీర్థంకరులు. సుమారు వెయ్యేళ్ళ క్రితం రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు శాంతినాథుని అభిషేకానికి అక్కడ రాతిపీఠం చేయించాడు. తరవాత ఆ ఆలయం ఇసుకలో పూడిపోయింది. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో పురావస్తుశాఖవారు తవ్వించి దానిని బయటపెట్టారు.

ఏటి ఒడ్డుకు ఇంత ఇసుక ఎలా వస్తుంది? వరద దాన్ని తెచ్చి పోస్తుంది. ఏరు ఎండిపోగానే గాలి దాన్ని అందుకుంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పిల్లలకు వేరే చెప్పాలా? గాలి విసిరే రోజున ఏటి ఇసుకలో నిలబడితే పిక్కలు చురుక్కుమంటాయి. ముఖానికి మాత్రం అంతగా తగలదు. ఎందుచేత? ఇసుకరేణువు ధూళిలాగ పైకి ఎగిరిపోదు, కప్పలాగ గెంతుతుంది. పడినచోట మరికొన్ని రేణువులను లేపుతుంది. అవీ గెంతుతాయి. ఆ గెంతులు చాలావరకు మోకాలి ఎత్తు లోపునే. బాగ్నోల్డ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఎడారులలో తిరిగి, ఈ గెంతులను పరిశీలించి, 1941లో ఒక గొప్ప గ్రంథం వెలువరించాడు.

పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఏరులు తెచ్చిన ఇసుకను అలలు తీరానికి నెడతాయి. గాలి దాన్ని దిబ్బలుగా పోస్తుంది. తీరాన ఇళ్ళూ రోడ్లూ ఉంటే ఇసుక వాటి మీదికీ వస్తుంది.

"అడ్డంగా గోడ కట్టేద్దాం!" అంటారేమో. గోడకు కొట్టుకున్న గాలి సుడి తిరిగి, గోడ మొదట్లోనే ఇసుకను తవ్వేస్తుంది. అంతకన్న సందులున్న తడిక మేలు. అది గాలిని పోనిస్తూనే నెమ్మది చేస్తుంది. నెమ్మదించిన గాలి బరువు మోయలేక ఇసుకను అక్కడే దించేస్తుంది.

కావాలంటే బంకమట్టిలో చీపురుపుల్లలు వరసగా గుచ్చి, వాటి ముందు పొడి ఇసుక పోసి, విసనకర్రతో విసరి చూడండి. కళ్ళు మాత్రం జాగ్రత్త!

తడిక కొన్నాళ్ళకు పూడిపోతుంది. గడ్డి అలా కాదు. తీరాన రావణాసురుని మీసం అనే ముళ్ళగడ్డి ఉంటుంది. ఇసుక కప్పినకొద్దీ అది పైకి లేస్తుంది, దిబ్బను వేళ్ళతో పట్టి ఉంచుతుంది. మేకడెక్క ఆకారపు ఆకులుగల తీగ ఒకటి దిబ్బ మీద దుప్పటిలా పరుచుకుంటుంది. వెనక సరుగుడు తోటలు గాలిని ఆపుతాయి.

మరి దిబ్బను తవ్వి చదును చేస్తే పీడ వదలదా? వదలదు. 1977 నవంబరులో దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అటువంటి అలలకు మొదట ఎదురు నిలిచేది ఇసుకదిబ్బే. అందుకే 2019 నాటి తీరప్రాంత నియమాలలోనూ దిబ్బలకు ప్రత్యేక రక్షణ ఉన్నది.

కనుక, పిల్లలూ, సముద్రతీరానికి వెళ్ళినప్పుడు దిబ్బ మీది గడ్డిని పీకకండి, తొక్కకండి. గడ్డి పోతే దిబ్బ ఊరి మీదికి నడిచి వస్తుంది. గడ్డి ఉంటే ఆ దిబ్బే ఊరికి కోటగోడ!