ఒకరి టవర్ మీద మరొకరి యంత్రం: అపోహలు – వాస్తవాలు

చెన్నూరులో గానీ, ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటపల్లి మండలంలో గానీ సెల్‌ఫోన్ సిగ్నల్ పోయిందంటే మొదట వినిపించే మాట ఒకటే: ‘మన కంపెనీ టవర్ ఇక్కడ లేదు’. నిజానికి టవర్ ఎవరిదన్నది సగం ప్రశ్నే. ఆ టవర్ మీద, ఊళ్లోని టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ గదిలో ఎవరెవరి యంత్రాలకు చోటు దొరికింది, ఏ షరతుల మీద దొరికింది అన్నది మిగతా సగం. ఈ షరతులకు రాసిపెట్టిన నిబంధనలు ఉన్నాయి. వాటి గురించి జనంలో ఉన్న అపోహలు కూడా తక్కువేమీ కాదు.

అపోహ 1: బీఎస్ఎన్ఎల్ కాంపౌండ్‌లో ప్రైవేటు కంపెనీ యంత్రం కనిపిస్తే అది ఆక్రమణే.

వాస్తవం: అది చట్టం అనుమతించిన ఏర్పాటు. టెలికాం శాఖ 2008 ఏప్రిల్ 1న మౌలిక సదుపాయాలను పంచుకోవడంపై మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటి నుంచి ఒక కంపెనీ టవర్‌ను పోటీ కంపెనీ వాడుకోవడం మామూలైపోయింది.

ఏదైనా టవర్ దగ్గర ఆగి చూస్తే సంగతి తెలిసిపోతుంది. కంచె లోపల కరెంటు మీటరు, జనరేటరు, బ్యాటరీల వరుస ఉంటాయి. ఇవి టవర్ యజమాని బాధ్యత. వాటి పక్కనే వేర్వేరు తాళాలతో ఇనుప పెట్టెలు కనిపిస్తాయి. ఒక్కో పెట్టె ఒక్కో కంపెనీది. పైకి చూస్తే నిలువుగా బిగించిన పొడవాటి పలకలు మూడు దిక్కులకూ తిరిగి ఉంటాయి. అవి యాంటెన్నాలు. ఒక ఎత్తులో ఒక కంపెనీవి, దాని కింద ఇంకో కంపెనీవి. గుండ్రంగా డోలులా కనిపించేది మరో టవర్‌తో మాట్లాడే మైక్రోవేవ్ డిష్. ఒకే ఇంట్లో వేర్వేరు వాటాల్లో కిరాయికి ఉన్నట్టే ఇదీ. గోడలు, కప్పు యజమానివి, లోపలి సామాను ఎవరిది వాళ్లది.

టవర్లు కట్టి కిరాయికివ్వడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలూ ఉన్నాయి. అప్పట్లో బయట హోరాహోరీగా పోటీపడుతున్న భారతి (ఎయిర్‌టెల్), వొడాఫోన్, ఐడియా మూడూ చేతులు కలిపి 2007లో ఇండస్ టవర్స్‌ను పెట్టాయి.

అపోహ 2: ప్రభుత్వ ఆస్తిని ప్రైవేటుకు ఉత్తపుణ్యానికి రాసిచ్చేశారు.

వాస్తవం: ఉత్తపుణ్యానికి కాదు. ఒప్పందం ప్రకారం కిరాయి చెల్లించాలి. ఎన్ని యాంటెన్నాలు, ఏ టెక్నాలజీ, ఎంత కరెంటు, ఏటా ఎంత పెంపు అన్నవన్నీ ఆ ఒప్పందంలో ఉంటాయి. అయితే ఒప్పందం కాగితం మీద ఉంటే సరిపోదు, అమలు కావాలి. బీఎస్ఎన్ఎల్ టవర్ల మీద రిలయన్స్ జియో అదనంగా వాడిన టెక్నాలజీకి 2014 మే నుంచి 2024 మార్చి వరకు బీఎస్ఎన్ఎల్ బిల్లే వేయలేదని ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ కాగ్ తేల్చింది. దీనివల్ల ఖజానాకు 1,757 కోట్ల రూపాయలకు పైగా నష్టం వచ్చిందని 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. తప్పు చోటు ఇవ్వడంలో లేదు, చోటిచ్చి బిల్లు వేయకపోవడంలో ఉంది. ‘పంచుకోవడమే ఆపేయండి’ అనేవాళ్లు ఈ తేడాను గమనించాలి. పంచుకోవడం ఆపితే వచ్చే కిరాయి కూడా పోతుంది.

అపోహ 3: పోటీదారు అడిగితే చోటు ఇచ్చి తీరాలి.

వాస్తవం: అన్నిచోట్లా ఒకే నియమం లేదు. మూడు సందర్భాలను విడివిడిగా చూడాలి.

మొదటిది, టవర్. ఇది పరస్పర అంగీకారంతో జరిగే ఒప్పందం. టవర్ మోయలేని బరువైతే, లేదా చోటు లేకపోతే యజమాని కాదనవచ్చు.

రెండోది, ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీ ఫోన్‌కు కాల్ వెళ్లే కూడలి, అంటే ఇంటర్‌కనెక్షన్. ఇది తప్పనిసరి. 2018 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, అడిగిన 30 రోజుల్లో వివక్ష లేని షరతులతో ఒప్పందం చేసుకోవాలి. ఈ కూడలిలో రద్దీ వల్ల 1000 కాల్స్‌లో 5కు మించి విఫలం కాకూడదన్నది ట్రాయ్ ప్రమాణం. 2016లో జియో కొత్తగా వచ్చినప్పుడు చాలినన్ని కూడళ్లు ఇవ్వలేదంటూ ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలపై మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానాకు అదే ఏడాది అక్టోబరులో ట్రాయ్ సిఫారసు చేసింది. కూడలి దగ్గర పోటీదారును నిలబెట్టేస్తే నష్టపోయేది కాల్ కలవని మామూలు మనిషే.

మూడోది, సముద్రం కింద నుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుళ్లు ఒడ్డుకు చేరే స్టేషన్లు. అవి దేశంలో కొన్నే ఉన్నాయి. అందుకే వాటి యజమానులు ఇతర కంపెనీలకు అందుబాటు, యంత్రాలకు చోటు ఇవ్వాలని ట్రాయ్ 2007లో నిబంధనలు తెచ్చింది.

అమెరికా ఇంకో అడుగు ముందుకు వేసింది. పాత టెలిఫోన్ కంపెనీ తన ఎక్స్ఛేంజ్ భవనంలోనే పోటీదారు యంత్రాలకు చోటివ్వాలని 1996 టెలికాం చట్టంలో రాసింది. చోటు లేదనుకుంటే ఆ సంగతి రాష్ట్ర నియంత్రణ సంస్థ ముందు రుజువు చేయాలి. మన దేశంలోనూ ఇంటింటికీ వెళ్లిన రాగి తీగలను పోటీదారులకు తెరవాలని ట్రాయ్ 2004లో సూచించింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం దాన్ని తప్పనిసరి చేయలేదు. ఆ అవకాశం అక్కడే ఆగిపోయింది.

అపోహ 4: ఒకే టవర్ మీద ఉంటే అందరికీ ఒకే సిగ్నల్ రావాలి.

వాస్తవం: పంచుకునేది ఇనుము, కరెంటు, చోటు. ఒక్కో కంపెనీ స్పెక్ట్రమ్ వేరు, యాంటెన్నా ఎత్తు వేరు, టవర్ నుంచి బయటికి వెళ్లే ఫైబర్ వేరు. అందుకే ఒకే టవర్ కింద నిలబడినా ఒకరికి నాలుగు గీతలు, పక్కవారికి ఒకటే గీత రావచ్చు.

దీనికి మినహాయింపు ఒకటుంది. డిజిటల్ భారత్ నిధి సొమ్ముతో కట్టిన 4జీ టవర్ల దగ్గర బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదారులు ఏ కంపెనీ సిగ్నల్ దొరికితే దాన్నే వాడుకునే ఏర్పాటు 2025 జనవరి 17న మొదలైంది. దేశవ్యాప్తంగా 27 వేలకు పైగా టవర్లు, 35 వేలకు పైగా గ్రామాలు దీని కిందికి వస్తాయి. అడవుల్లో, నది ఒడ్డున ఉన్న పల్లెలకు ఇంతకు మించిన మేలు లేదు. మూడు కంపెనీలూ మూడు టవర్లు కట్టాలంటే గిరాకీ తక్కువున్న ఊరికి ఒక్కటీ రాదు.

అపోహ 5: టవర్ మీద యాంటెన్నాలు పెరిగిన కొద్దీ రేడియేషన్ హద్దు దాటుతుంది.

వాస్తవం: హద్దు ఒక్కో యాంటెన్నాకు విడిగా కాదు, ఆ చోట ఉన్నవన్నీ కలిపి లెక్క. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో ఆ పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతు. కొత్త కంపెనీ వచ్చి చేరితే మొత్తం లెక్క మళ్లీ చూపించాలి. అనుమానం ఉంటే తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ దగ్గరి టవర్ వివరాలు చూడవచ్చు. రుసుము కట్టి కొలతకూ దరఖాస్తు చేయవచ్చు.

అపోహ 6: పక్కన పోటీ కంపెనీ యంత్రం ఉంటే మన మాటలు వాళ్లు వింటారు.

వాస్తవం: చోటు పంచుకోవడం అంటే సంభాషణ పంచుకోవడం కాదు. ఎవరి పెట్టెకు వారి తాళం, ఎవరి కేబుల్ వారిది. ఫోన్‌కు, టవర్‌కు మధ్య గాలిలో వెళ్లే 4జీ సమాచారం సంకేత రూపంలోకి మారిపోతుంది. పక్క పెట్టెలోని యంత్రానికి అది అర్థమయ్యే మాట కాదు.

అపోహ 7: సెల్‌ఫోన్లు వచ్చాక ఎక్స్ఛేంజ్ భవనాలతో పనిలేదు.

వాస్తవం: ల్యాండ్‌లైన్లు తగ్గాయి, భవనాల విలువ తగ్గలేదు. 08737 కోడ్‌తో చెన్నూరు ఒకప్పుడు తనకంటూ ఒక ఎస్టీడీ ప్రాంతం. రాగి తీగలు వచ్చి చేరిన అలాంటి గదుల్లోకే ఇప్పుడు ఫైబర్ వచ్చి చేరుతోంది. బీఎస్ఎన్ఎల్ ఇంటింటి ఫైబర్‌ను చాలాచోట్ల స్థానిక భాగస్వాములే నడుపుతున్నారు. వచ్చిన ఆదాయంలో వారికి వాటా ఉంటుంది. ఇంకోవైపు మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే తెలంగాణ టీ-ఫైబర్ కేబుల్ వేసింది. ఒక తవ్వకంతో రెండు పనులు! పంచుకోవడంలోని లాభం తెలియడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అపోహ 8: జాగా మాదైతే టవర్ మీదా మాకు హక్కుంటుంది.

వాస్తవం: ఉండదు. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం టెలికాం నెట్‌వర్క్ వేరు, అది నిలబడ్డ ఆస్తి వేరు. జాగా మీద ఉన్న అప్పులు, తగాదాలు టవర్‌కు అంటవు. జాగా యజమానికి వచ్చేది ఒప్పందంలో రాసుకున్న కిరాయే. కొత్త కంపెనీ చేరితే కిరాయి పెరగాలని కోరుకునేవారు ఆ మాట సంతకానికి ముందే రాయించుకోవాలి. అలాగే ‘మీ పొలంలో టవర్ పెడతాం, ముందు డిపాజిట్ కట్టండి’ అని ఫోన్ వస్తే అది మోసమని తెలుసుకోండి. టవర్ పెట్టినందుకు కంపెనీ మీకు ఇవ్వాలి గానీ మీరు కంపెనీకి ఇచ్చేది ఏమీ ఉండదు.

పాఠకులు చేయవలసింది

సిగ్నల్ అందకపోతే టవర్‌ను తిట్టుకుని ఊరుకోవద్దు. మీ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పరిష్కారం దొరక్కపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లండి. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలి. మీ ఊరు అందులో పచ్చగా కనిపిస్తూ ఫోన్‌లో గీత లేకపోతే ఆ మ్యాపునే ఫిర్యాదుకు జతచేయండి. ఊళ్లో కొత్త టవర్ ప్రతిపాదన వస్తే గ్రామసభలో, వార్డు సమావేశంలో ‘వద్దు’ అనే ముందు ‘ఇందులో ఎన్ని కంపెనీలకు చోటుంది?’ అని అడగండి. ఒక్క టవర్‌తో నాలుగు కంపెనీలు పనిచేస్తే ఊరికి నాలుగు సిగ్నళ్లు వస్తాయి, తవ్వకాలూ ఖర్చూ తగ్గుతాయి. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది, అడుగుదాం.