సంధ్యవేళ సాగరతీరం: తైలవర్ణ చిత్రణ

వర్ణాలను నూనెలో మేళవించి వస్త్రంపై రచించే చిత్రాన్ని తైలవర్ణ చిత్రం అంటారు. మన ప్రబంధకవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో సముద్రానికీ, పర్వతానికీ స్థానం ఉంది. ఈ రెండింటినీ ఒకేచోట దర్శింపజేసే ఊరు బారువ. ఇది కంచిలికి చేరువలో, సోంపేట మండలంలో ఉంది. మహేంద్రతనయ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. బారువ ఒకప్పుడు ఓడరేవు. నేడు సరుకుల ఓడలు రావు. దీపస్తంభం, చేపల పడవలు, కొబ్బరితోటలు ఆ తీరానికి శోభనిస్తున్నాయి.

ఈ దృశ్యాన్ని చిత్రించదలచినవారు మొదట గ్రహించవలసినది వెలుగు వచ్చే దిక్కు. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1839లో ప్రదర్శించిన ‘ఫైటింగ్ టెమెరేర్’ చిత్రంలో సూర్యుడు నీటి అంచున అస్తమిస్తూ ఉంటాడు. అటువంటి చిత్రాలకు అలవాటుపడిన అభ్యాసకుడు ఉద్దానం సముద్రంలోనూ సూర్యుణ్ణి అస్తమింపజేస్తాడు. కాని ఇక్కడ సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు క్రుంకేది పడమటి కొండల వెనుక. సుమారు 1,500 మీటర్ల ఎత్తైన మహేంద్రగిరి ఆ వైపునే ఉంది.

అందువల్ల సముద్రాభిముఖంగా నిలిచిన చిత్రకారునికి సూర్యుడు వెనుక ఉంటాడు. తీరంవైపు తిరిగిన పడవల పార్శ్వాలు నారింజ వన్నెతో మెరుస్తాయి. వాటి వెనుక సముద్రం నీలిబూడిద వర్ణం దాలుస్తుంది. సూర్యాస్తమయానంతరం ఆకాశం నిర్మలంగా ఉంటే తూర్పు దిగంతంపై ముదురునీలి పట్టీ ఒకటి పైకి లేస్తుంది. అది వాతావరణంపై పడిన భూమి నీడ. దానిపైన లేత గులాబిరంగు పట్టీ కనిపిస్తుంది. తూర్పుతీరపు సంధ్యకు ఇదే ఆనవాలు.

ఈ వెలుగు త్వరత్వరగా మారిపోతుంది. కనుక చిత్రకారుడు ఒక్క క్షణాన్ని ఎన్నుకొని, నీడలను ఆ క్షణానికే కట్టుబడి గీయాలి. తీరాన చిన్న నమూనా చిత్రం వేసుకొని, పెద్ద చిత్రాన్ని ఇంటివద్ద పూర్తిచేయడం మేలు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు లోహపు రంగుగొట్టాన్ని రూపొందించిన తరువాత రంగులను ఆరుబయటికి తీసుకొనిపోవడం సులభమైంది.

అవిసె నూనె నీటివలె ఆవిరై ఆరదు; గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. దీనికి రోజులు పడుతుంది. క్రిందిపొర ఆరకముందే పైపొర గట్టిపడితే చిత్రం బీటలు వారుతుంది. అందుచేత క్రిందిపొరలను టర్పెంటైనుతో పలుచన చేసి, పైపొరలలో నూనె పాలు పెంచుతారు. రంగులు తాకక ముందే వస్త్రానికి జిగురుపూత వేయాలి. లేకుంటే నూనె ఇంకి వస్త్రం చివికిపోతుంది.

నీడలకు కేవలం నలుపును వాడితే అవి నిర్జీవంగా కనిపిస్తాయి. నీలం, గోధుమ వన్నెలను కలిపితే సంధ్యవేళకు తగిన చీకటి సిద్ధిస్తుంది. తడి ఇసుకపై ప్రతిబింబించే తెల్లని పడవను అసలు పడవకంటె కొద్దిగా మసకగా చూపాలి.

చూచినదానిని విడిచి, ఇతర చిత్రాలలో చూచిన అందాన్ని అతికిస్తే చిత్రం మనోహరంగానే ఉండవచ్చు. కాని బారువవాసి దానిలో తన ఊరిని గుర్తించలేడు. కుంచె పట్టక ముందు తీరాన నిలిచి, సూర్యుడు ఎటు వాలుతున్నాడో పరికించడమే చిత్రరచనకు తొలి పాఠం.