ఉప్మా పెట్టిన ఊళ్లు

ముసఫ్ఫా నుంచి డబ్బు పంపేటప్పుడు మనం ముందు పిల్లల స్కూలు ఫీజు లెక్కేస్తాం. కానీ చదువుకు పునాది తల్లి కడుపులో ఉన్నప్పుడే పడుతుంది.

1987-90లో హైదరాబాదు దగ్గర 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉప్మా పెట్టారు. వింత వంటకమేమీ కాదు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిందే. చుట్టుపక్కల 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003-05లో పరిశోధకులు మళ్లీ వెళ్లి చూస్తే, ఉప్మా పెట్టిన ఊళ్లలో ఆ కాలంలో పుట్టినవాళ్లు సగటున 0.84 తరగతి ఎక్కువ చదివారు.

దాదాపు ఒక క్లాసు! మెదడు అతివేగంగా ఎదిగేది మొదటి రెండేళ్లలో. అప్పటి తిండి లోటును తర్వాత ట్యూషన్‌తో పూడ్చడం కష్టం. మన ఇళ్లలో కోడలు అందరూ తిన్నాకే తింటుంది, పాలేమో పెద్దవాళ్ల కాఫీలకే సరిపోతాయి. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఫీజు సంగతితో పాటు ఇదీ అడుగుదాం: కడుపుతో ఉన్న అమ్మాయికి పప్పు, పాలు సరిగా అందుతున్నాయా?