రొయ్య ఒలిచే చేతిని తలచేదెవరు?

అరకిలో రొయ్యలు తెచ్చుకుని తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్లనరం లాగేసరికే మనకు నడుం పట్టేస్తుంది. అదే పని రోజంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి, నిలబడి చేసే ఆడవాళ్ళు మా నెల్లూరు తీరంలో ఎందరో ఉన్నారు. ఎక్కడో లండన్‌లోనో, వాషింగ్టన్‌లోనో పెట్టే సంతకానికీ వాళ్ళ ఇంటి పొయ్యికీ సంబంధం ఏమిటంటారా? ఉందండీ!

నాట్ల నుంచి రొయ్యలకు

1990ల మొదట్లో మైపాడు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలు జోరుగా లేచాయి. వరి పోయిన చోట నాట్లు, కలుపులు కూడా పోయాయి. ఆ పనులు ఆడవాళ్ళవే కదా! 1994లో వైరస్ తెగులు వచ్చి టైగర్ రొయ్య ఒక్కసారిగా దెబ్బతింది. 1996 డిసెంబరులో తీరంలో రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక మళ్ళీ గుంటలు నిండాయి. ఒలుపు పనికి ఆడవాళ్ళు కావలసి వచ్చారు.

యాభై శాతం అంటే...

మన రొయ్యలకు అన్నిటికంటే పెద్ద బేరం అమెరికాది. 2025 ఆగస్టు 27 నుంచి ఆ దేశం మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. వంద రూపాయల సరుకుకు యాభై రూపాయల పన్నన్నమాట. రొయ్యలకు అంతకుముందు నుంచీ ఉన్న పన్నులు వేరే! అదే సమయంలో ఈక్వడార్ దేశం రొయ్య మీద వేసింది 15 శాతమే. కొనేవాడు ఎటు పోతాడో మనకు తెలియదా? ఇక్కడ రేటు పడిపోతుంది. రైతు గుంట ఎండగట్టేస్తాడు. కంపెనీకి సరుకు రాదు. అప్పుడు మొదట ఆగేది రోజుకూలీ పనే! 2026 ఫిబ్రవరిలో ఆ సుంకం తగ్గింది. అయితే పోయిన పనిదినాల కూలి ఎవరిస్తారు?

మాకు తెలిసిన ఒకామె ఇలా అంది: "మాకు కిలోల లెక్కక్కా. సరుకొస్తే కూలి, రాకపోతే ఇంటికాడే. రైతుకు నష్టమొచ్చిందని పేపర్లో రాస్తారు. మాకు పన్లేదని ఎవురు రాస్తారు?" నా దగ్గర జవాబు లేదు.

ఒప్పందాలు వస్తే మేలేనా?

2025 జులై 24న బ్రిటన్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మన రొయ్యల మీద అక్కడ సుంకం ఉండదు. 2026 జనవరిలో ఐరోపా దేశాల కూటమితోనూ చర్చలు ముగిశాయని ప్రకటించారు. ఒక్క దేశాన్నే నమ్ముకోకుండా నాలుగు దారులు ఉండటం మంచిదే. ఒక ఊరి బావి ఎండితే ఇంకో ఊరి బావి!

కానీ సోదరీమణులారా, సుంకం తగ్గితే ఎగుమతిదారుకు లాభం. ఆ లాభంలో ఒలిచే చేతికి ఎంత? కిలోకు కూలి పెరగాలని ఏ సుంకం పట్టికలోనూ రాయరు. బ్రిటన్ ఒప్పందంలో కార్మికుల గురించి ఒక అధ్యాయం, స్త్రీల సమానత్వం గురించి ఒక అధ్యాయం ఉన్నాయి. కాగితం మీద ఉంటే సరిపోదు, షెడ్డులోకి రావాలి.

మనం చేయగలిగింది

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఇలాంటి పనికి వెళ్ళేవారుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి:

* పనిలో చేరినప్పుడు నియామక పత్రం అడగాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక చట్టాలలో ఇది ఉంది.
* ఏ రోజు ఎన్ని కిలోలు ఒలిచిందీ సొంతంగా ఒక నోటుబుక్కులో రాసుకోవాలి.
* జీతంలో పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కోత ఉంటే ఆ నంబర్లు తీసుకుని దాచుకోవాలి.
* ఆ రెండూ లేనివారు ఇ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.

ఇక మీదట పేపర్లో 'ఒప్పందం కుదిరింది' అని చూస్తే, రైతుకెంత, కంపెనీకెంత అని చదివి ఊరుకోకండి. ఒలిచే ఆమెకెంత అని కూడా అడుగుదాం. ఆ ప్రశ్న మనం కాకపోతే ఇంకెవరు అడుగుతారు చెప్పండి?