విడాకుల లెక్కలో ఒక మగాడికి ఇద్దరు ఆడవాళ్లు

విడాకులంటే ఒక మగ, ఒక ఆడ విడిపోవడం. ఆ లెక్కన విడాకులైన మగవాళ్లు ఎంతమందో ఆడవాళ్లూ దాదాపు అంతమందే ఉండాలి. 2011 జనాభా లెక్కలు తీసి చూడండి. దేశంలో విడాకులైన ఆడవాళ్లు సుమారు 9.1 లక్షలు, మగవాళ్లు 4.5 లక్షలు. విడాకులు తీసుకోకుండా విడిగా బతుకుతున్నవాళ్లలో ఆడవాళ్లు 23.7 లక్షలు, మగవాళ్లు 11.6 లక్షలు. రెండు చోట్లా ఆడవాళ్లు రెట్టింపు. మరి మిగతా మగవాళ్లంతా ఏమైనట్టు?

చాలామంది మళ్లీ పెళ్లికొడుకులయ్యారు. రెండో తాళి కట్టగానే మనిషి 'వివాహితుడు' గడిలోకి వెళ్లిపోతాడు, పాత పెళ్లి ఆనవాలు అక్కడ మిగలదు. భార్యను పుట్టింటికి పంపేసి చిన్నిల్లు పెట్టుకున్నవాడు కూడా, లెక్కలవాళ్లు వచ్చి అడిగితే, పెళ్లైనవాడిననే చెబుతాడు. పుట్టింట్లో కూర్చున్న ఆమెకు ఆ వెసులుబాటు లేదు.

ప్రేమలో ఎక్కువ కాలం నిలబడేది ఆడవాళ్లా, మగవాళ్లా అని కడప జిల్లా ప్రొద్దుటూరు టీ అంగడి దగ్గర పందెం వేస్తే, ఈ అంకెలు చూపించి ఆడవాళ్ల తరఫున గెలవచ్చు. అంత తొందర వద్దంటాను. ముందు వితంతువుల లెక్క చూడాలి. అదే 2011లో దేశంలో భర్త పోయిన ఆడవాళ్లు 4.3 కోట్లు, భార్య పోయిన మగవాళ్లు 1.2 కోట్లు. మూడున్నర రెట్లు! అయితే ఇందులో ప్రేమకూ మారుమనువుకూ సంబంధం లేని వాటా కొంత ఉంది. మనవాళ్లు పిల్లను ఆమెకంటే నాలుగైదేళ్లు పెద్దవాడికిస్తారు. ఆపైన ఆడవాళ్ల ఆయుష్షు ఎక్కువ. కాబట్టి భర్త ముందు పోవడమే సహజం. అందుకే నేను విడాకుల లెక్కనే ఎక్కువ నమ్ముతాను. అక్కడ వయసు వంక చాలదు.

ఇక ఈ తేడాలు ఎక్కడినుంచి వస్తున్నాయో పులివెందులలోనో జమ్మలమడుగులోనో ఏ ఇంటి వసారాలోనైనా వినొచ్చు. భార్య పోయి ఏడాది తిరక్కముందే అతనికి చెప్పే మాట: "పిల్లల్ని చూసుకోడానికైనా ఒకరుండాల గదప్పా." భర్త పోయిన ఆమెకు చెప్పే మాట: "పిల్లల మొహం చూసుకోని బతుకమ్మా." అవే పిల్లలు. అతని పెళ్లికీ వాళ్లే కారణం, ఆమె ఒంటరితనానికీ వాళ్లే కారణం.

చట్టం తీరూ ఇదే. వితంతువు పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు 11 అయింది, అంటే పాతికేళ్లు. మగవాడి సంగతి వేరు. కడప అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. హిందూ మగవాడు భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకోకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది 1949లో. అంతవరకు మగవాడికి ఏకపత్నీవ్రతం సొంత ఇష్టం మాత్రమే. ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో వితంతువుకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది, మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. ఆ డబ్బు నిలబెట్టే సంసారాలు ఎన్నో ఉన్నాయి, తప్పుపట్టను. కానీ ఏడాదికి 48,000 రూపాయలు వదులుకుని పెళ్లికి సిద్ధపడాల్సిన మనిషి గడప దాటకపోతే, దాన్ని చనిపోయినవాడి మీద ప్రేమగా ఎలా రాసుకుంటాం?

నిలకడకు రుజువు అడిగేది కూడా ఆడవాళ్లనే. కడప జిల్లాలోని గండి క్షేత్రం స్థలపురాణం చూడండి. పాపఘ్ని నది కొండను చీల్చుకుని పారేచోట, లంక నుంచి తిరిగొస్తున్న రాముడికి వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడనీ, రాముడు బాణం మొనతో ఆంజనేయుడి రూపం గీశాడనీ చెబుతారు. ఆ తిరుగు ప్రయాణానికి ముందే సీతకు అగ్నిపరీక్ష జరిగింది. ఎడబాటు అనుభవించింది ఇద్దరూ, నిప్పులోకి దిగింది ఒకరే. ఇప్పటి లెక్కల్లోనూ ఆ పరీక్ష నీడ కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంతకుముందు 12 నెలల్లో భార్యా భర్తా కాని, కలిసి ఉంటున్నవాళ్లూ కాని వారితో శారీరక సంబంధం ఉందని చెప్పింది మగవాళ్లలో 4 శాతం, ఆడవాళ్లలో 0.5 శాతం. పెళ్లికానివాళ్లూ ఇందులో ఉన్నారు. ఎనిమిది రెట్ల తేడా. నిజంగా అంత తేడా ఉందో, నిజం చెబితే పడే శిక్షలో అంత తేడా ఉందో ఆలోచించుకోండి.

ఆడవాళ్లు బయటికి నడిచే వీలున్న చోట ఏం జరుగుతోంది? అమెరికాలో మైకేల్ రోసెన్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2009 నుంచి 2015 దాకా జంటలను గమనించాడు. విడాకులు కావాలని ముందు అడిగినవాళ్లలో 69 శాతం ఆడవాళ్లే. ఇంతేనా ఆడవాళ్ల నిలకడ అనుకునేలోపు రెండో అంకె చూడాలి. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్న జంటల్లో విడిపోదామన్నవాళ్లు ఆడా మగా దాదాపు సమానం. వాళ్లకు విసుగొచ్చింది మనిషితో కాదు, పెళ్లిలో తమ మీద పడే చాకిరీతో అని నాకనిపిస్తుంది. అదే దేశంలో 2014లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే, ఒకసారి పెళ్లై ఇప్పుడు ఒంటరిగా ఉన్న ఆడవాళ్లలో 54 శాతం మళ్లీ పెళ్లి వద్దన్నారు. మగవాళ్లలో వద్దన్నది 30 శాతం.

అలాగని మగవాడి దుఃఖం తేలికని అనలేం. ఎల్వర్ట్, క్రిస్టాకిస్ అనే పరిశోధకులు 2008లో అమెరికాలో 3.7 లక్షల వృద్ధ దంపతుల వివరాలు పరిశీలించారు. భార్య పోయాక భర్తకు మరణం ముప్పు 18 శాతం పెరిగింది, భర్త పోయాక భార్యకు 16 శాతం. దాదాపు సమానమే. రెండో పెళ్లికి తొందరపడేవాడు మొదటి ఆమెను మరిచిపోయాడనుకోవడం అన్యాయం. ఒంటరిగా బతకడం అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

మళ్లీ మన దగ్గరికొస్తే, కడప జిల్లా ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోవడం పాత సంగతి. చదువు తక్కువున్న ఆడమనిషి ఇలా గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. మగవాడికి ఆ షరతు లేదు. అంటే పోయేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే పెళ్లై, పిల్లలు పుట్టినవాళ్లు. భర్త ఊళ్లో ఉంటాడు, ఆమె ఏళ్ల తరబడి అక్కడ. నెలనెలా డబ్బు పంపేది ఆమె. నిన్న రాత్రి ఫోను ఎందుకెత్తలేదో చెప్పుకోవాల్సిందీ ఆమే.